మోతాదు తెలిసిన మందు

పంజాగుట్టలో నిమ్స్. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి పేదల క్యాన్సర్ ఆస్పత్రిగా పేరుబడ్డ ఎం.ఎన్‌.జె. బంజారాహిల్స్‌లో 2000లో తలుపులు తెరిచిన బసవతారకం. ఈ మూడింటి నడుమ చెరువు పోయి పేరు మిగిలిన మాసబ్ ట్యాంక్. ఇక్కడి సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోల్లో ఒకటో రెండో ఎప్పుడూ ఆస్పత్రికి పోయేవే. ఒళ్లో పెద్ద స్కానింగ్ కవరు, కాళ్ల దగ్గర బట్టల సంచి, జేబులో జిల్లా డాక్టరు రాసిచ్చిన చీటీ. ఆ వచ్చేవాళ్లలో మెడ చుట్టూ చున్నీయో కొంగో కప్పుకున్న ఆడవాళ్లు కొందరుంటారు. గడ్డ మొదట కనిపించి ఏళ్లయి ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుని ఉంటారు, ఎవరో చెబితే ఆకుపసరు కట్టించుకుని ఉంటారు. గొంతు బొంగురు పోయాకనో, మింగుడు పడటం కష్టమయ్యాకనో బస్సెక్కుతారు.

అమీర్‌పేట వైపు వెళితే మరో రకం వరస. ‘ఫుల్ బాడీ చెకప్’ బోర్డులు, దంపతులకు రాయితీలు, పండగ ఆఫర్లు. ఒంట్లో ఏ బాధా లేనివాళ్లు పొద్దున్నే పరగడుపున వచ్చి రక్తం ఇచ్చి, వచ్చాం కదా అని మెడకూ ఒక స్కాన్ తీయించుకుని వెళతారు. సాయంత్రానికి రిపోర్టు ఫోన్లోకి వస్తుంది. అందులో ‘నాడ్యూల్’ అనో, ‘సెంటీమీటరులోపు’ అనో ఒక ముక్క ఉంటుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఆలస్యంగా వచ్చినవారిదీ, అవసరం లేకుండా వచ్చినవారిదీ ఒకే అవయవం. ఒకరికి భయం చాలక ముప్పు వచ్చింది, మరొకరికి భయం మించి కొత్త కష్టం మొదలైంది. థైరాయిడ్ క్యాన్సర్ వైద్యం గురించి ఎంత చదివినా చివరికి తేలేది ఇదే: దీనికి కావలసింది ధైర్యం కన్నా ముందు మోతాదు. ఎంత కోయాలి, ఎంత వదలాలి, ఎంత మందివ్వాలి, ఎంత కాలం ఆగి చూడాలి, ఎంత భయపడాలి. అన్నిటికీ పాళ్లున్నాయి.

గొంతుముడి కింద, శ్వాసనాళాన్ని ఆనుకుని, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉండే గ్రంథి థైరాయిడ్. బరువు పాతిక గ్రాములు దాటదు. రక్తంలోంచి అయోడిన్‌ను లాక్కుని హార్మోను తయారు చేయడం దాని పని. గుండె వేగం, ఒంటి వేడి, జీర్ణం, నెలసరి, పసిబిడ్డ మెదడు ఎదుగుదల అన్నీ ఆ హార్మోను మీద ఆధారపడి ఉంటాయి. ‘నాకు థైరాయిడ్ ఉందండి’ అని మనం రోజూ వినేది చాలావరకు ఈ హార్మోను తగ్గడం గురించి. క్యాన్సర్ దారి వేరు. క్యాన్సర్ ఉన్నవారిలో ఎక్కువమందికి టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష మామూలుగానే వస్తుంది. కాబట్టి రక్తపరీక్ష బాగుందని గడ్డను వదిలేయడం తప్పు. అలాగే టీఎస్‌హెచ్ పెరిగిందని క్యాన్సరేమోనని బెంబేలు పడటమూ తప్పే.

థైరాయిడ్‌లో చేతికి తగిలే గడ్డల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కానివే. అయితే గట్టిగా ఉన్న గడ్డ, త్వరత్వరగా పెరిగే గడ్డ, గొంతు మారడం, మెడ పక్కన బిళ్లలు కట్టడం, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలి ఉండటం, ఇంట్లో దగ్గరివాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చి ఉండటం – వీటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చేయకూడదు. ముందు అల్ట్రాసౌండ్ తీస్తారు. అనుమానం ఉంటే సన్నటి సూదితో కొన్ని కణాలు తీసి చూస్తారు. ఆస్పత్రుల్లో అందరూ ‘సూది పరీక్ష’ అంటారు. సూది తగిలితే గడ్డ పాకుతుందన్న భయం మన దగ్గర గట్టిగా ఉంది గానీ, దానివల్ల పరీక్ష వాయిదా పడటం తప్ప మేలు లేదు. సూది పరీక్ష ఫలితాన్ని ప్రపంచంలో చాలాచోట్ల ఒకే కొలతతో, ఆరు తరగతులుగా చెబుతారు. రెండో తరగతి అంటే క్యాన్సర్ కాదు, ఆరో తరగతి అంటే క్యాన్సరే. మధ్యలో ఉన్న మూడు నాలుగు తరగతుల దగ్గరే డాక్టరు అనుభవం, రోగి ఓపిక రెండూ పరీక్షకు నిలుస్తాయి.

క్యాన్సర్ అని తేలాక అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎన్నాళ్లు?’ అని కాదు, ‘ఏ రకం?’ అని. పదింట ఎనిమిది పాపిల్లరీ రకం. నెమ్మదిగా నడిచేది, మెడ బిళ్లల్లోకి పాకినా చాలామందికి నయమయ్యేది. తర్వాతది ఫాలిక్యులర్. మగవాళ్ల కన్నా ఆడవాళ్లకు సుమారు మూడింతలు ఎక్కువగా వస్తుంది ఈ జబ్బు, అదీ ముప్ఫై, నలభైల్లో. వీటి దశలను నిర్ణయించే పద్ధతిలో మరే క్యాన్సర్‌లోనూ చూడని ఒక విశేషం ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న లెక్క ప్రకారం 55 ఏళ్లలోపు మనిషికి ఈ రెండు రకాల్లో ఏదొచ్చినా, ఊపిరితిత్తుల దాకా పాకినా సరే, రెండో దశ దాటదు. మూడు, నాలుగు అనే అంకెలే ఆ వయసుకు లేవు. గ్రంథి దాటని పాపిల్లరీ క్యాన్సర్‌లో అయిదేళ్ల తర్వాత నూటికి 99 మందికి పైగా బతికి ఉంటున్నారు.

ఇంత మంచి మాట కూడా ఇంట్లోవాళ్లకు ఒక్కోసారి అనుమానం పుట్టిస్తుంది. ఒక పెద్దాస్పత్రి ఓపీ వరండాలో విన్న సంభాషణ ఇది. పాలమూరు వైపు నుంచి వచ్చిన తల్లి, పక్కన పాతికేళ్ల కూతురు. ఆపరేషన్ అయింది, మెడ మీద సన్నటి గీత ఆరుతోంది.

‘సారూ, నా బిడ్డకు కీమో ఎక్కియ్యరా?’

‘అవసరం లేదమ్మా.’

‘కరెంటు గూడ పెట్టరా?’

‘ఈ రకానికి అక్కర్లేదు. ఒక మందు ఇస్తాం, నోట్లో వేసుకునుడే. తర్వాత రోజూ ఒక మాత్ర.’

తల్లి కాసేపు ఊరుకుంది. ‘గంతేనా? పైసలు లేవని చెయ్యనంటలేరు గదా?’

ఆ డాక్టరు నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, కాగితం మీద మెడ బొమ్మ గీసి, ఏది తీసేశారో, ఏది మిగిలిందో, ఎందుకు కీమో పని చేయదో పది నిమిషాలు చెప్పాడు. జుట్టు రాలితేనే, మనిషి మంచాన పడితేనే వైద్యం గట్టిగా జరిగినట్టని మన సినిమాలూ, చుట్టాల అనుభవాలూ నేర్పాయి. ఆ తల్లి ప్రశ్నలో అజ్ఞానం కన్నా పేదరికం నేర్పిన జాగ్రత్త ఎక్కువ. చెప్పవలసినవాళ్లు ఆ పది నిమిషాలు ఇవ్వగలిగితే చాలు.

భయం మోతాదు మించితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 1999లో అక్కడి ప్రభుత్వం కొన్ని క్యాన్సర్లకు దేశవ్యాప్తంగా ముందస్తు పరీక్షలు మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ వచ్చినవాళ్లకు కొద్దిపాటి డబ్బుతో మెడ స్కాన్ కూడా చేసి పెట్టడం క్లినిక్కులకు అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఒక్క ఏడాదిలో 40 వేలు దాటాయి. ఇంతా చేసి ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్య మారలేదు. అంటే దొరికినవాటిలో ఎక్కువభాగం, వెతక్కపోతే ఆ మనిషి జీవితంలో ఎప్పుడూ బయటపడనివి. కానీ దొరికింది కాబట్టి కోశారు. కోసినవారిలో కొందరికి గొంతు పోయింది, ఇంకొందరు జన్మంతా కాల్షియం మాత్రలకు కట్టుబడ్డారు. 2014లో అక్కడి డాక్టర్లే కొందరు ఇక ఆపండని బహిరంగంగా చెప్పాక ఆపరేషన్లు తగ్గాయి. ఏ లక్షణమూ లేని పెద్దవాళ్లకు మెడ స్కాన్ చేయవద్దని అమెరికా నిపుణుల సంఘం 2017లో తేల్చి చెప్పింది. ప్యాకేజీ బోర్డుల కింద ఈ మాట కూడా రాస్తే బాగుండును.

జపాన్‌లోని కోబెలో కుమా ఆస్పత్రి ఇంకో దారి చూపింది. సెంటీమీటరు కన్నా చిన్న పాపిల్లరీ క్యాన్సర్లను వెంటనే కోయకుండా, క్రమం తప్పకుండా స్కాన్ తీస్తూ కనిపెట్టి ఉండటం 1993లో మొదలుపెట్టింది. పదేళ్లు గడిచినా వాటిలో చాలావరకు పెరగలేదు. పెరిగినవాటికి అప్పుడు ఆపరేషన్ చేశారు, ఆలస్యం వల్ల ప్రాణం పోలేదు. క్యాన్సర్‌ను ఒంట్లో ఉంచుకుని బతకడమా అని మనకు గుండె ఝల్లుమంటుంది. అందరికీ ఆ దారి సరిపడదు కూడా. ఊరి నుంచి ఆరు నెలలకోసారి రాలేనివారికి, మనసు నిలవనివారికి ఆపరేషనే నయం కావచ్చు. కానీ అలాంటి దారి ఒకటుందని రోగికి చెప్పాలి.

కత్తి మోతాదు గురించిన పాఠం ఇంకా పాతది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో థియోడార్ కోకర్ అనే శస్త్రవైద్యుడు గాయిటర్ అనే మెడవాపు ఆపరేషన్లకు ప్రపంచ ప్రసిద్ధుడు. ఆయన చేతిలో రోగులు చనిపోవడం దాదాపు ఆగిపోయింది. అంత శుభ్రంగా, నెత్తురు చిందకుండా గ్రంథి మొత్తం తీసేసేవాడు. కొన్నాళ్ల తర్వాత తన పాత రోగులను పిలిపించి చూస్తే, పూర్తిగా తీసేయించుకున్నవాళ్లు మందకొడిగా, ఉబ్బిన ముఖాలతో, మాట కూడా సాగక కనిపించారు. పిల్లల్లోనైతే ఎదుగుదలే ఆగిపోయింది. 1883లో ఆయన ఆ సంగతి దాచకుండా అందరికీ చెప్పాడు. అప్పటి నుంచి మామూలు గాయిటర్‌కు గ్రంథి మొత్తం తీయడం మానుకున్నాడు. థైరాయిడ్ మీద చేసిన పనికే 1909లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఎంత బాగా తీయగలమన్నది నేర్చుకున్న చేతికే, ఎంత మిగల్చాలన్నదీ తెలియాల్సి వచ్చింది.

ఇవాళ్టి సర్జన్లు కూడా అదే లెక్క వేస్తారు. గడ్డ చిన్నదై, ఒక వైపే ఉండి, బిళ్లల్లోకి పాకకపోతే సగం గ్రంథి తీస్తే చాలు. మిగిలిన సగం చాలామందిలో మాత్ర అవసరం లేకుండానే పని నెట్టుకొస్తుంది. పెద్దదైతే, రెండు వైపులా ఉంటే మొత్తం తీస్తారు, బిళ్లలు ఉంటే వాటినీ తీస్తారు. గ్రంథి వెనకే గొంతు పలికించే నరాలు రెండు పోతుంటాయి. దాని వీపును అంటుకుని బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగుంటాయి, ఒంట్లో కాల్షియం వాటి చేతిలో. వాటికి దెబ్బ తగిలితే మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం మొదలవుతుంది. చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. అందుకే ఆస్పత్రి ఎంత పెద్దదన్నదాని కన్నా, ఈ ఆపరేషన్ ఆ సర్జన్ తరచుగా చేస్తారా అన్నది అడిగి తెలుసుకోవడం మంచిది. అలా అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు.

ఆపరేషన్ తర్వాత కొందరికి మిగిలిన కణాల కోసం రేడియో అయోడిన్ ఇస్తారు. ఆధునిక వైద్యంలో ఇంత తెలివైన మందు అరుదు. థైరాయిడ్ కణం ఎక్కడున్నా, మెడలోనైనా ఊపిరితిత్తుల్లోనైనా, అయోడిన్ కోసం ఆకలిగా ఉంటుంది. ఆ అయోడిన్‌కే రేడియోధార్మికత అంటించి మింగిస్తే, ఆ కణం దాన్ని తనంత తానే లోపలికి తీసుకుని కాలిపోతుంది. మిగతా ఒంటికి పెద్దగా సెగ తగలదు. 1946లో న్యూయార్క్ వైద్యుడు శామ్యూల్ సీడ్లిన్, ఒంటి నిండా పాకిన థైరాయిడ్ క్యాన్సర్ ఇలా లొంగిందని ప్రకటించినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. అదే అయోడిన్-131, 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణుకేంద్రం పేలినప్పుడు గాల్లో కలిసి, గడ్డి మీద పడి, ఆవుపాలలోకి చేరి, వేలమంది పిల్లలకు థైరాయిడ్ క్యాన్సర్ తెచ్చింది. కొలిచి ఇచ్చినచోట మందు అయింది, కొలత లేకుండా పడినచోట జబ్బు అయింది.

మన ఆస్పత్రులకు ఈ మందు ముంబయి ట్రాంబేలోని అణు రియాక్టర్ల నుంచి వస్తుంది. ఎనిమిది రోజులకు దాని శక్తి సగమవుతుంది, మరో ఎనిమిదికి అందులో సగం. నిల్వ పెట్టుకునే వీల్లేదు. ఫలానా రోజు రండి అన్నారంటే ఆ రోజే రావాలి, మందు ఎవరి కోసమూ ఆగదు. తక్కువ మోతాదు, ఎక్కువ మోతాదు రెండూ తక్కువ ముప్పున్న రోగుల్లో ఒకేలా పని చేస్తాయని 2012లో బ్రిటన్, ఫ్రాన్స్ పరిశోధనలు తేల్చాయి. కొందరికి అసలు ఇవ్వకపోయినా మూడేళ్ల తర్వాత తేడా కనిపించలేదని 2022లో ఫ్రాన్స్ నుంచే మరో అధ్యయనం వచ్చింది. వైద్యం ముందుకు సాగడమంటే మందు పెరగడమే కాదు, తగ్గడం కూడా.

మందు మింగడానికి రెండు వారాల ముందు మొదలయ్యే పథ్యం మాత్రం మన వంటింటిని కుదిపేస్తుంది. కణాలకు అయోడిన్ ఆకలి పెరగాలంటే తిండిలో అయోడిన్ ఆపాలి. చేప, రొయ్య బంద్. గుడ్డు బంద్. పాలు, పెరుగు, మజ్జిగ కూడా బంద్. హోటల్ తిండి, బేకరీ బిస్కట్లు, కొనుక్కొచ్చిన అప్పడాలు వద్దు. చాయ్ తాగాలంటే పాలు లేని చాయ్. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం తెలుగువాళ్లకు ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. ఇంటి ఆవకాయ తినొచ్చా అంటే, అందులో ఏ ఉప్పు వేశారో అత్తగారిని అడగాలి. అసలు చిక్కంతా ఉప్పుతోనే. అయోడిన్ లేని ఉప్పు కావాలి. కిరాణా కొట్టులో కనిపించే ప్రతి ప్యాకెట్ మీదా ‘అయోడైజ్డ్’ అని గర్వంగా రాసి ఉంటుంది. కల్లుప్పు ప్యాకెట్ల మీద కూడా చాలాసార్లు అదే మాట. కవరు తిప్పి, సన్నటి అక్షరాలు చదివి, చివరికి ఏ సైంధవ లవణమో వెతికి తెచ్చుకుంటారు.

ఆ మాట ప్రతి ప్యాకెట్ మీదకు ఎక్కడం వెనక ఒక తెలుగు డాక్టరు ఉన్నాడు. ఉలిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివాడు. హిమాలయాల పాదాల దగ్గర, కాంగ్రా లోయలో ఊళ్లకు ఊళ్లు మెడవాపుతో ఉండటం చూసి 1956లో ఆయన, సహచరులు ఒక పని మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. కొన్నేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్నచోట పిల్లల మెడలు మామూలుగా అయ్యాయి, తిననిచోట వాపు అలాగే ఉంది. తర్వాత ఆ మూడో భాగానికీ అదే ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గింది. ఆ ఫలితం మీద నిలబడి 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. తర్వాతి కాలంలో ఆయన ఢిల్లీ ఎయిమ్స్‌కూ, భారత వైద్య పరిశోధన మండలికీ నాయకత్వం వహించాడు. 2006 నుంచి అయోడిన్ కలపని ఉప్పును నేరుగా తినడానికి అమ్మకూడదని దేశమంతటా నిబంధన ఉంది. ఎక్కడో కొండల్లో మొదలైన ఆ చిటికెడు లెక్క, పుట్టబోయే పిల్లల తెలివిని కాపాడింది. ఆ ఉప్పునే రెండు వారాలు దూరం పెట్టమంటున్న నేటి డాక్టరు, రామలింగస్వామి మాటను కాదనడం లేదు. లేమి జబ్బు చేసినచోట ఆయన అయోడిన్ ఇచ్చాడు, ఆకలి అవసరమైనచోట ఈయన ఆపుతున్నాడు. రెండు వారాలు కాగానే ఇల్లంతా మళ్లీ ఆ ఉప్పుకే రావాలి. క్యాన్సర్‌కు భయపడి శాశ్వతంగా అయోడిన్ మానేయడం వల్ల మేలేమీ లేదు.

మందు మింగాక రెండు మూడు రోజులు ఒంటరి గది. గోడల్లో సీసపు పలకలు. ఆ గది బాత్రూం నీళ్లు నేరుగా మురుగు కాలువలోకి పోవు, ప్రత్యేకమైన ట్యాంకుల్లో శక్తి తగ్గేదాకా నిలవుంటాయి. భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళతారు. సెల్‌ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇస్తారు. నీళ్లు బాగా తాగాలి, నోట్లో లాలాజలం ఊరడానికి నిమ్మబద్ద చప్పరించాలి, బాత్రూంలో రెండుసార్లు నీళ్లు వదలాలి. నర్సు వస్తే గుమ్మంలోంచే మాట్లాడుతుంది, ఎక్కువసేపు ఉండదు. రోగికి నొప్పి ఉండదు, సెలైన్ ఉండదు, చూడటానికి జబ్బు మనిషిలా కూడా ఉండడు. ఒంటరితనం ఒక్కటే బాధ. ఇంటికొచ్చాక కూడా కొన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరం. మూడేళ్ల పిల్ల ‘అమ్మా’ అని పరుగెత్తుకొస్తే నానమ్మ మధ్యలోనే ఎత్తుకుని, ‘అమ్మకు బాగలేదు తల్లీ’ అని లోపలికి తీసుకుపోతుంది. ఏడ్చేది ఒక్క పిల్లే కాదు. మనింట్లో జబ్బు చేసినవాళ్ల పక్కన కూచోవడం, నుదురు మీద చెయ్యి వేయడం ప్రేమ. ఈ ఒక్క మందుకు మాత్రం దూరంగా ఉండటమే ప్రేమ. ఆ కొన్ని రోజులు కుటుంబం ఓపిక పడితే చాలు. ఆ మనిషి పళ్లెం, గ్లాసు జీవితాంతం వేరు పెట్టనక్కర్లేదు. క్యాన్సర్ అంటుకోదు, రేడియో అయోడిన్ వారాల్లో వెళ్లిపోతుంది.

ఈ మాట గట్టిగా చెప్పాల్సిన చోటు పెళ్లి సంబంధాల దగ్గర. పాతికేళ్ల పిల్లకు థైరాయిడ్ ఆపరేషన్ జరిగిందంటే ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి, మెడ మీది గీత కనపడకుండా కాలర్ల జాకెట్లు కుట్టిస్తారు. చికిత్స అయ్యాక పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. రేడియో అయోడిన్ తీసుకుంటే ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు, అంతే. గర్భం వచ్చాక మాత్ర మోతాదు పెంచాల్సి రావచ్చు కాబట్టి డాక్టరుకు వెంటనే చెప్పాలి. దాచిపెట్టి చేసిన పెళ్లిలో ఆ మాత్ర కూడా దాచుకునే మింగాల్సి వస్తుంది. అప్పుడు నిజంగా ప్రమాదం.

ఆ మాత్ర థైరాక్సిన్. కోకర్ కాలపు రోగులకు దొరకనిది. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ సారం సూదితో ఎక్కించి ఒక మహిళను నిలబెట్టాడు, ఆవిడ మరో 28 ఏళ్లు బతికింది. ఇవాళ దాన్ని మైక్రోగ్రాముల్లో కొలిచి, చిన్న మాత్రగా చవకగా అమ్ముతున్నారు. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా చాయ్ ముట్టకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలు దానికి నాలుగు గంటల ఎడంలో వేసుకోవాలి. పొద్దున లేవగానే చాయ్ పడకపోతే తెల్లవారని హైదరాబాదులో ఆ గంట చిన్న తపస్సు. ఒకప్పుడు క్యాన్సర్ రోగులందరికీ ఈ మాత్ర కాస్త ఎక్కువగానే ఇచ్చి టీఎస్‌హెచ్‌ను బాగా అణిచి ఉంచేవారు. ఏళ్ల తరబడి అలా ఉంచితే గుండె లయ తప్పుతుందనీ, ఎముకలు గుల్లబారతాయనీ తెలిశాక, ముప్పు తక్కువున్నవారికి ఆ అణచడం తగ్గించారు. మోతాదు ప్రతి మనిషికీ వేరు, అదే మనిషికి ఏళ్లు మారితే వేరు. బాగున్నాను కదా అని మాత్ర మానేసేవారు, పక్కింటావిడ వేసుకునే మోతాదే తామూ కొనుక్కునేవారు మనలో తక్కువేం లేరు.

అన్ని థైరాయిడ్ క్యాన్సర్లూ ఇంత సౌమ్యం కాదు. మెడ్యులరీ రకం వేరే కణాల నుంచి పుడుతుంది, రేడియో అయోడిన్‌కు లొంగదు. కొన్ని కుటుంబాల్లో జన్యువు ద్వారా వస్తుంది కాబట్టి ఒకరికి తేలితే తోబుట్టువులకు, పిల్లలకు జన్యు పరీక్ష చేయించాలి. జన్యులోపం తేలిన పిల్లల్లో జబ్బు రాకముందే గ్రంథి తీసేసి కాపాడవచ్చు. ముసలితనంలో వచ్చే అనాప్లాస్టిక్ రకం చాలా అరుదు, చాలా వేగం. దానికి ఆగి చూడటం లేదు, వారాల్లో నిర్ణయం తీసుకోవాలి. రేడియో అయోడిన్‌కు లొంగని ముదిరిన కేసులకు, ఈ మొండి రకాలకు గురిచూసి కొట్టే మాత్రలు వచ్చాయి. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు. అందుకే రకం తెలియకుండా ధైర్యం చెప్పడమూ తప్పే. ‘థైరాయిడ్ క్యాన్సరేగా, ఏం కాదులే’ అన్న మాట రోగికి కొన్నిసార్లు ఓదార్పు కాదు, తన బాధను చిన్నచేయడం అవుతుంది. నయమైన మనిషి కూడా ఏడాదికోసారి థైరోగ్లోబ్యులిన్ అనే రక్తపరీక్ష ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా గుండె చిక్కబట్టుకునే ఉంటుంది.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరగడం మంచిదే. దానికి తోడు ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లే ప్రతి రోగి చేతిలో తెలుగులో ఒక కాగితం ఉండాలి: ఏ రకం, ఎంత సైజు, ఎంతవరకు తీశారు, ముప్పు ఎంత, మాత్ర ఎన్ని మైక్రోగ్రాములు, మళ్లీ పరీక్ష ఎప్పుడు. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో వేరే డాక్టరు చూసినా అర్థమయ్యేలా. రేడియో అయోడిన్ ఇచ్చే పడకలు పెరగాలి, రోగులు వారాల తరబడి వంతు కోసం కాచుకోకుండా. పథ్యం చీటీలో పాశ్చాత్య దేశాల తిండి పేర్లు కాక పప్పు, పులుసు, పెరుగు, ఆవకాయ పేర్లు ఉండాలి. ఇక మనవంతు సులువే. కనిపించే గడ్డను పసరుకు వదిలేయకూడదు, కనిపించని గడ్డ కోసం మెడ స్కాన్ కొనుక్కోకూడదు.